దిగులుకీ మతిమరుపుకీ చుట్టరికం

మా ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఆడవాళ్ల మతిమరుపు గురించి ఆడవాళ్లే చెప్పుకుంటారు. మగవాళ్ల మతిమరుపు గురించి కూడా ఆడవాళ్లే చెప్పుకుంటారు. ఈ పూట ఈ కొస పట్టుకుని లాగుదాం, ఎందాకా వస్తుందో చూద్దాం. ఖరగ్‌పూర్ చలి మరీ ఎముకలు కొరికేదేం కాదు గానీ, బెంగాలీల సావాసం కదా, సాయంత్రం అయిదయ్యేసరికి మంకీ టోపీ నెత్తికెక్కకపోతే మాకూ తోచదు. వీధి మూల నాలుగు చెక్కముక్కలు అంటించారు. ముడీలో, అంటే మరమరాల్లో, ఆవనూనె, పచ్చిమిర్చి కలిపించి పొట్లం కట్టించాను. కాస్త దగ్గరికి జరగండి.

మమ్మల్ని ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవాళ్లు ఇక్కడ కార్ఖానా పెట్టిన రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి మా తాతలు రైలెక్కి వచ్చి దిగారు. దిగినవాళ్లు మళ్లీ ఎక్కలేదు. తరాలు గడిచాయి. మాతా పూజ మాదే, దుర్గాపూజ మాదే. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైన ప్లాట్‌ఫారం, 1072 మీటర్లది, మాదే. ఆ ముచ్చట తర్వాత గోరఖ్‌పూర్ ఒకసారి, హుబ్బళ్లి ఒకసారి ఎగరేసుకుపోయాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా కూడా ఇచ్చింది. హోదా వచ్చింది, సంతోషం. ఆస్పత్రి వరసలో నిలబడ్డప్పుడు మాత్రం మన గుండెలో దిగులుని ఇంకా హిందీలోనే చెప్పుకుంటున్నాం. ‘నీంద్ నహీఁ ఆతా, సర్ భారీ హై’. నిద్రపట్టదు, తల బరువు, అంతకుమించి రాదు. డాక్టరు నిద్రమాత్ర రాస్తాడు. ఆయన్నని ఏం లాభం?

సరే, మా పిన్ని సంగతి చెబుతాను. సొంత పిన్నేం కాదు. రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ ఆవిడ పిన్ని కాక ఇంకేమవుతుంది? బాబాయి గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి, అది రూలు. పిల్లలు పుట్టిన గదులూ, పెరట్లో మునగచెట్టూ వదిలేసి మలంచా వైపు కట్టుకున్న ఇంటికి వెళ్లిపోయారు. కొడుకు హైదరాబాదులో, కూతురు బెంగళూరులో. కొత్తిల్లు బాగుంటుంది. రెండు బాత్రూములు, గ్రానైటు గట్టు. మాట్లాడడానికే మనుషుల్లేరు.

ఏడాది తిరక్కుండా పిన్ని మొదలుపెట్టింది. “నాకేటీ గుర్తుండట్లేదమ్మా. పాలు పొయ్యి మీదెట్టి మరిసిపోతన్నాను. కొత్తిమీరకని బజారొచ్చి వంకాయలు కొనుక్కుని ఎల్లిపోనాను. నా మతి మండిపోను!” ఈ మాట నాకు చెప్పింది, కూరల కొట్టబ్బాయికి చెప్పింది, చేపలమ్మే మాసీకి బెంగాలీలో చెప్పింది. రాత్రిళ్లు నిద్రపట్టదట. ఎప్పుడో పెళ్లైన కొత్తలో ఆడపడుచు అన్న మాట దగ్గర మొదలుపెట్టి తెల్లారేదాకా తవ్వుకుంటుందట. అదెందుకు అలాగంది, నేనెందుకు ఊరుకున్నాను, అప్పుడు ఆయనెందుకు నోరెత్తలేదు.

బాబాయి మాత్రం నోరు విప్పడు. పైగా బాలాసోర్ లైను స్టేషన్లన్నీ, హిజిలీ, బేనాపూర్, నారాయణగఢ్, బేల్దా, దంతన్, జలేశ్వర్ అంటూ గడగడా అప్పజెప్పి, “నా మతికేటైంది?” అని మీసం దువ్వుతాడు. కానీ కళ్లజోడు కనబడకపోతే పిన్ని మీద అరుస్తాడు. మందుల డబ్బా ఎవరో కదిపారంటాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఆ ఎవరో ఎవరో మీరే చెప్పండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మర్చిపోయి, పెన్షను ఆగితే బ్యాంకువాళ్లని తిట్టి వచ్చాడు. సాయంత్రం ఒక పెగ్గు రెండైంది, రెండు మూడైంది. పొద్దున్న పేపరు ముందేసుకుని గంటసేపు కూర్చుంటాడు గానీ పేజీ తిప్పడు.

కాలనీ తీర్పు ఏమిటంటే, పిన్నికి మతి చెడింది, బాబాయికి కోపం పెరిగింది. నాకు మాత్రం ఇద్దరికీ వచ్చిన జబ్బు ఒకటేననిపించింది. ఒకే దిగులు, రెండు వేషాలు.

డిప్రెషన్ ఉందో లేదో ఒక అంచనాకి రావడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది. 2001లో వచ్చింది, ఇప్పుడు దేశదేశాల్లోనూ వాడుతున్నారు. అందులో ఏడో ప్రశ్న ఇదీ: పేపరు చదవడం, టీవీ చూడడంలాంటి వాటి మీద మనసు నిలవడం లేదా? చూశారా, బాబాయి తిప్పని పేజీ అందులో ఉంది. ఏడుస్తున్నావా అని ఆ కాగితం ఎక్కడా అడగదు. మనం మాత్రం కన్నీళ్లు కనిపిస్తేనే దిగులంటాం.

దిగులుకి మతిమరుపు ఎలా చుట్టమైందంటే, చాలావరకు తప్పు జ్ఞాపకానిది కాదు, ధ్యాసది. మనసు ఇంకెక్కడో ఉన్నప్పుడు విన్నమాట లోపలికి చేరనే చేరదు. బుక్ చెయ్యని పార్సిల్ని డెలివరీ కౌంటర్లో వెతికితే ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికి తోడు ఒత్తిడి దీర్ఘకాలం ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను హద్దు మీరుతుంది. కణతల లోపలి వైపు హిప్పోకాంపస్ అని ఒక భాగం ఉంది, కొత్త జ్ఞాపకాలు కట్టేది అదే. ఆ హార్మోను దెబ్బ దానికి తగులుతుందని అనుమానం. 1996లో అమెరికాలో ఇవెట్ షెలీన్ అనే డాక్టరు, మళ్లీ మళ్లీ డిప్రెషన్ వచ్చి తగ్గిన పదిమందికి స్కానింగు చేసి చూస్తే, అదే వయసు ఆరోగ్యవంతులకన్నా వాళ్లకి ఆ భాగం చిన్నదిగా కనిపించింది. దిగులులో గడిపిన రోజులు ఎంత ఎక్కువైతే అది అంత తగ్గిందని 1999లో మరో పరీక్షలో తేలింది. ఇక్కడొక విశేషం. ఈ రెండింటిలోనూ రోగులంతా ఆడవాళ్లే.

ఇప్పుడు పిన్ని రాత్రిళ్ల తవ్వకాల సంగతికొద్దాం. సూసన్ నోలెన్-హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పనిచేసింది. ఆడవాళ్లకి డిప్రెషన్ మగవాళ్లకన్నా దాదాపు రెట్టింపు ఎందుకొస్తుందని 1987లో ఆవిడ ఒక జవాబు చెప్పింది. దిగులు కలిగినప్పుడు మగవాళ్లు ఏదో పనిలో పడి దాన్ని తోసేస్తారు, ఆడవాళ్లు దాని చుట్టూ తిరుగుతారు అని. రెండేళ్ల తర్వాత 1989 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. దానికి కొద్దిరోజుల ముందే స్టాన్‌ఫర్డ్‌లో ఆవిడ విద్యార్థుల చేత, మీకు మనసు బాగోనప్పుడు ఏం చేస్తారు అని రాయించి పెట్టుకుంది. కావాలని చేసినా అంత బాగా కుదరదు. భూకంపం తర్వాత మళ్లీ అడిగితే, అంతకుముందు నుంచీ తలుచుకుని తలుచుకుని కుమిలేవాళ్లే వారాల తరబడి ఎక్కువ దిగులులో ఉన్నారని తేలింది.

ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఈ తలపోతలో తేడా కొండంతేం కాదు, తర్వాత లెక్కలు వేసినవాళ్లు ఆ మాటా చెప్పారు. ఇక ‘ఆడబుద్ధే అంత’ అని మీసాలు మెలేసేవాళ్లకి ఒక మనవి. ఆవిడే పదేళ్ల తర్వాత ఇంకో సంగతి పట్టుకుంది. ఇంటా బయటా తరగని చాకిరీ, దాన్ని మార్చే అధికారం చేతిలో లేకపోవడం, ఈ రెండూ ఉన్నచోట తలపోత పెరుగుతుందని. మా పిన్ని పెళ్లైన కొత్తలోనే ఆడపడుచుకి జవాబు చెప్పగలిగి ఉంటే ఇప్పుడు రాత్రి రెండింటికి చెప్పుకోవలసిన పనేముంది?

ఆ తలపోత జ్ఞాపకాన్ని ఏం చేస్తుందో చూడాలంటే ఒక పరీక్ష ఉంది. ఇంగ్లండులో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనేవాళ్లు 1986లో దీంతో ఒక వ్యాసం రాశారు. ఒక మాట ఇస్తారు, ఆ మాటకి మీ జీవితంలో ఒక రోజు, ఒక సంఘటన చెప్పాలి. ఒకరోజు బఠాణీలు ఒలుస్తూ పిన్ని మీద ప్రయోగించాను. “పిన్నీ, సంతోషం అంటే నీకు గుర్తొచ్చే రోజు ఒకటి చెప్పు.”

“పండగలొస్తే సంతోసమే కదమ్మా.”

“అలా కాదు. ఒక్క పండగ. ఫలానా రోజు.”

చేతిలో కాయ అలాగే పట్టుకుంది. “అన్నీ ఒకలాగే ఉంటాయి” అంది చివరికి.

“సరే, అవమానం?”

ఇక చూడండి. వారం చెప్పింది, వంట చెప్పింది, తను కట్టుకున్న చీర రంగు, అంచు రంగు చెప్పింది. వడ్డిస్తున్నది ఎవరో, నవ్వింది ఎవరో చెప్పింది. బఠాణీలు నేనే ఒలుచుకున్నాను.

విలియమ్స్ వాళ్లు చూసిందీ ఇలాంటిదే. తీవ్రమైన నిరాశలో ఉన్నవాళ్లు ముఖ్యంగా సంతోషపు మాట దగ్గర ఆగిపోతారు. రోజు చెప్పమంటే రకం చెబుతారు. అంతకు పదకొండేళ్లు ముందే, 1975లో, దిగులు ముదిరేకొద్దీ చేదు జ్ఞాపకం తీపి జ్ఞాపకం కన్నా తొందరగా పైకి తేలుతుందని లాయిడ్, లిష్మన్ అనే డాక్టర్లు గడియారం పెట్టి మరీ కొలిచారు. అంటే ‘నాకేటీ గుర్తుండట్లేదు’ అనే పిన్నికి గుర్తులేకపోవడం కాదు. గుర్తుండకూడనివన్నీ గుర్తుండి, ఉండాల్సినవి మసకబారాయి.

పిన్నికి ఒక మేలుంది. చెప్పుకుంటుంది. కూరల కొట్టబ్బాయికైనా సరే. బాబాయి సంగతే కష్టం.

ఇలాంటి బాబాయిల సంగతి ఒకచోట లెక్కల్లోనే తేలింది. స్వీడన్‌కి బాల్టిక్ సముద్రంలో గాట్లాండ్ అని ఒక దీవి ఉంది. 1983, 84ల్లో అక్కడి మామూలు డాక్టర్లందరికీ, డిప్రెషన్‌ని ఎలా గుర్తుపట్టాలి, ఎలా నయం చెయ్యాలి అని వుల్ఫ్‌గాంగ్ రూట్జ్, ఆయన తోటివాళ్లు తరగతులు పెట్టారు. దీవిలో ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత లెక్కలు విప్పి చూస్తే తగ్గింది దాదాపుగా ఆడవాళ్లలోనే. మగవాళ్ల సంఖ్య కదల్లేదు. కారణం వెతికితే, వాళ్లసలు డాక్టరు దగ్గరికి వస్తేగా! వచ్చినా దిగులని చెప్పరు. చిరాకు, కోపం, తాగుడు, తెగింపు, ఇవే కనిపిస్తాయి. పోలీసు చీటీల్లోనూ తాగుడు మాన్పించే చోటా కనబడే ఆ మగవాళ్లు డిప్రెషన్ రిజిస్టర్లో కనబడరు. అప్పుడు మగవాళ్ల దిగులుని పట్టుకోవడానికి ఆ దీవి పేరుతోనే వేరే ప్రశ్నల పట్టిక తయారుచేశారు.

మన దేశంలోనూ అదే తంతు. బెంగళూరు నిమ్‌హాన్స్‌వాళ్లు 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మా పశ్చిమ బెంగాల్ అందులో ఉంది, మీ రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. అందులో డిప్రెషన్ ఆడవాళ్లలో ఎక్కువ. మొత్తం మానసిక జబ్బులు చూస్తే మాత్రం మగవాళ్లు 13.9 శాతం, ఆడవాళ్లు 7.5 శాతం! మగవాళ్ల లెక్క అంత పెరగడంలో పెద్ద వాటా తాగుడుది. అందులో దిగులెంతో, అలవాటెంతో విడదీసేవాళ్లేరి? బాబాయి మూడో పెగ్గు ఏ ఖాతాలో రాయాలి? డిప్రెషన్ ఉన్న నూరుమందిలో 85 మందికి వైద్యం అందడం లేదని కూడా ఆ సర్వేయే చెప్పింది.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, మగవాళ్ల దిగులుకీ ముసలితనపు మతిభ్రంశానికీ, అంటే డిమెన్షియాకీ, లంకె ఉందేమోనని కొన్ని పరిశోధనలు గట్టిగా అన్నాయి. ఫ్రాన్సులో బోర్డో చుట్టుపక్కల వృద్ధుల్ని ఏళ్ల తరబడి గమనించినవాళ్లు 2003లో, దిగులూ రక్తపోటూ రెండూ ఉన్న మగవాళ్లకి డిమెన్షియా ప్రమాదం పెరిగిందన్నారు. 2005లో అమెరికాలోని బాల్టిమోర్‌వాళ్లు, ముందునుంచీ దిగులు లక్షణాలున్న మగవాళ్లలో ప్రమాదం దాదాపు రెట్టింపు, ఆడవాళ్లలో అలాంటి సంబంధం కనిపించలేదు అన్నారు. దిగులు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకి, మతికి ఎక్కువ ఎసరు పెట్టేది మగవాళ్లకి అన్నమాట. కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. లండన్ ప్రభుత్వోద్యోగుల్ని 1985 నుంచి వెంటాడుతున్న వైట్‌హాల్ పరిశోధన 2017లో అడ్డం తిరిగింది. నడివయసులో దిగులున్నంత మాత్రాన ముప్పు లేదు, డిమెన్షియా బయటపడడానికి ఓ పదేళ్ల ముందు నుంచి దిగులు పెరుగుతూ వస్తోంది, కాబట్టి అది కారణం కాకపోవచ్చు, రాబోయే జబ్బు ముందుగా పంపిన కబురు కావచ్చు అని. నాకైతే ఏది నిజమైనా చెయ్యవలసిన పని ఒకటేననిపిస్తుంది. అరవై దాటిన మగమనిషి కొత్తగా కోపిష్టివాడైతే, వయసు మీద పడిందని నవ్వేసి ఊరుకోకూడదు.

ఇంకో తిరకాసు. సంపన్న దేశాల్లో పది మాటలు చదివి మళ్లీ చెప్పమంటే ఆడవాళ్లు మగవాళ్లని దాటేస్తారు. మాటల జ్ఞాపకంలో వాళ్లది పైచెయ్యి. దాంతో అక్కడ ఆడవాళ్ల జబ్బు ఆలస్యంగా పట్టుబడుతుందని ఒక బెంగ. మన దేశంలో పెద్దవయసువాళ్లకి అలాంటి పరీక్షలే పెడితే ఆడవాళ్లు వెనకపడ్డారు. ఆ తేడాలో చాలాభాగం చదువుదని తేల్చారు. ఆ తరం ఆడపిల్లల్ని బడికి పంపకపోవడం డెబ్బై ఏళ్లకి మతిమరుపు మార్కుల్లో బయటపడుతోంది! మా పిన్ని మూడో క్లాసు, బాబాయి మెట్రిక్. ఒకే కాగితం ఇద్దరికీ ఇచ్చి ఆవిడకి మార్కులు తగ్గాయంటే నేనొప్పుకోను.

అలాగని ప్రతి మరుపునీ దిగులు నెత్తిన రుద్దకూడదు. థైరాయిడ్, బి12 లోపం, చెవుడు, కొన్నిరకాల మాత్రలు, ఇవన్నీ అచ్చం ఇలాగే ఆటపట్టిస్తాయి. దిగులే డిమెన్షియా వేషం వేసుకుని రావడం గురించి కైలో అనే డాక్టరు 1961లోనే రాశాడు. పాతకాలం డాక్టర్లు ఒక ఆనవాలు చెబుతారు, అన్నిసార్లూ నిలబడేది కాదనుకోండి. దిగులు మనిషి ప్రశ్న పూర్తికాకముందే ‘తెలీదు’ అనేస్తాడు, కాస్త అందిస్తే గుర్తుకొస్తుంది. డిమెన్షియా మనిషి ఏదో ఒకటి కల్పించి కప్పిపుచ్చుకుంటాడు, అందించినా దొరకదు. తేల్చవలసింది డాక్టరే, నేనూ మీరూ కాదు.

ఆస్పత్రి దాకా వెళ్లడానికి కాళ్లు రాకపోతే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది. డబ్బులు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. పిన్నికి నంబరు ఇస్తే రెండోరోజే చేసింది. ఆడపడుచు కథతో సహా చెప్పిందట. అవతలి అమ్మాయి ఓపిక గొప్పదే.

బాబాయిని కదపడానికి మాత్రం నెలలు పట్టింది. దిగులన్నామా, “దిగులేటి, నేనేటి ఆడదాన్నా?” మతిమరుపన్నామా, హిజిలీ, బేనాపూర్ మొదలు. చివరికి నిద్ర దగ్గర దొరికాడు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోందని తనే ఒకసారి నోరుజారాడు. ఆ మూడింటిని పట్టుకుని, మాత్ర రాయించుకొద్దాం రమ్మని తీసుకెళ్లాం. డాక్టరమ్మ నిద్ర గురించే అడిగింది, అందులోంచే మిగతావన్నీ లాగింది. ఎన్ని పెగ్గులు, ఎప్పణ్ణుంచి, డ్యూటీలో ఉన్నప్పుడు ఏ టైముకి లేచేవారు, ఇప్పుడు లేచి ఏం చేస్తున్నారు. ఆ చివరి ప్రశ్న దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. రక్తపరీక్షలు రాసింది, ఒక మాత్ర రాసింది, తాగుడు మానమంది, వారానికోసారి వచ్చి మాట్లాడి వెళ్లమంది. మాత్ర సరేగానీ ఆ మాట్లాడ్డమేటని బాబాయి ఇప్పటికీ సణుగుతున్నాడు. సణుగుతూనే ప్రతి బుధవారం రాత్రి పిన్నికి గుర్తుచేసి మరీ మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేయించుకుంటున్నాడు.